రెండు వరసల మధ్య ఎంత ఖాళీ?

పాశ్చాత్య సంగీతం పుస్తకం ఏదైనా ఒకటి తెరిచి చూడండి. చిన్నపిల్లల పియానో పాఠాల పుస్తకమైనా సరే, వందమంది కలిసి వాయించే ఆర్కెస్ట్రా పుస్తకమైనా సరే. అయిదేసి గీతలు, వాటి మీద చుక్కలు, చుక్కలకి కాళ్ళు, కాళ్ళకి జెండాలు. చుక్కల్ని అందరం చూస్తాం. చుక్కకీ చుక్కకీ మధ్య అడ్డంగా ఉన్న దూరాన్ని కొందరు గమనిస్తారు. కానీ ఒక అయిదు గీతల కట్టకీ, దాని కిందున్న కట్టకీ మధ్య ఎంత తెల్లకాయితం వదిలారు, ఎందుకంత వదిలారు, ఎవరు నిర్ణయించారు అని అడిగేవాళ్ళు తక్కువ. అది సరిగ్గా కుదిరితే ఎవరికీ కనపడదు. కుదరకపోతే మాత్రం వాయించేవాడి కన్ను జారి పక్క వరసలో పడుతుంది.

పొట్టకూటికి ప్రోగ్రాములు రాసుకునే నాలాంటివాడికి ఈ ఖాళీ మీద ఆసక్తి పుట్టడానికి కారణం ఉంది. నాలుగొందల ఏళ్ళపాటు మనిషి కంటికీ చేతికీ మాత్రమే తెలిసిన ఒక అంచనా, మన కాలంలోనే, నాలుగంటే నాలుగు అంకెలుగా మారింది. ఎలా మారిందన్నది ఒక కథ. అందులో మన తెలుగు స్వరలిపికి ఎంత చోటుందన్నది ఇంకో కథ. రెండూ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందుగా రెండు మూడు మాటలు. అయిదు గీతల కట్టని స్టాఫ్ అంటారు. పియానోకి రెండు స్టాఫులు ఉంటాయి. మామూలుగా పైది కుడిచేతికి, కిందిది ఎడమచేతికి. రెండూ ఒకేసారి చదవాలి. ఇలా ఒకేసారి చదవాల్సిన స్టాఫుల గుంపుని వాళ్ళ భాషలో సిస్టమ్ అంటారు. ఆ మాట వినగానే మన కంప్యూటర్లవాళ్ళకి ఇంకేదో గుర్తొస్తుంది కాబట్టి నేను దాన్ని 'వరస' అంటాను. ఒక వరస చివరిదాకా వాయించి, కింది వరసకి దిగుతారన్నమాట. ఇక కొలత. ఒక స్టాఫ్‌లో పక్కపక్క గీతల మధ్య దూరాన్ని 'సందు' అందాం. అయిదు గీతలకి నాలుగు సందులు. ఈ లెక్కలన్నీ అంగుళాల్లో కాకుండా సందుల్లోనే చెబుతారు. అచ్చు పెద్దదైనా చిన్నదైనా నిష్పత్తి మారదు కదా.

ముందు గీతలు, తర్వాత స్వరాలు

గీతల కథ ఇటలీలో మొదలవుతుంది. సుమారు 1025 ప్రాంతంలో అరెజ్జో ఊళ్ళో కుర్రాళ్ళకి పాట నేర్పిన గీదో అనే సన్యాసి, స్వరాల గుర్తుల వెనక గీతలు గీసి, ఏ గీత ఏ స్వరమో తెలిసేలా కొన్నిటికి రంగులు వేశాడు. అంతకుముందున్న గుర్తులు పాట పైకి వెళ్తోందా కిందికి దిగుతోందా అన్నది సూచించేవి, ఎంత అన్నది కచ్చితంగా చెప్పేవి కావు. గీదో పుణ్యమా అని నిలువు దూరానికి అర్థం వచ్చింది.

అచ్చు యంత్రం వచ్చాక 1501లో వెనిస్‌లో పెత్రూచ్చి అనే ఆయన బహుస్వర గీతాల సంకలనం ఒకటి అచ్చు వేశాడు. గీతలు ఒకసారి, స్వరాలు ఒకసారి, అక్షరాలు ఒకసారి అని ఒకే కాయితాన్ని పలుమార్లు యంత్రంలో పెట్టేవాడు. అద్భుతమైన పనితనం, కానీ ఖర్చు. 1528 ప్రాంతంలో పారిస్‌లో అతేంయాఁ దీనికి విరుగుడుని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి సీసపు అచ్చులోనూ స్వరంతోపాటు దాని వెనక గీతల ముక్కని కూడా పోత పోయించాడు. అచ్చుల్ని పక్కపక్కన పేరిస్తే చాలు, ఒకే దెబ్బతో పని పూర్తి. గీతల అతుకులు కనిపిస్తాయి, అది వేరే సంగతి.

అయితే ఆ రోజుల్లో నాలుగు గొంతుల పాటైతే నాలుగింటినీ నాలుగు చోట్ల విడివిడిగా అచ్చు వేసేవారు. ఎవరి భాగం వాళ్ళు చూసుకుని పాడటమే. గొంతుల్ని ఒకదాని కింద ఒకటి నిలువుగా సరిపోల్చి పేర్చే పద్ధతి అచ్చులోకి వచ్చింది 1577లో, వెనిస్‌లో వెలువడ్డ చిప్రియానో ద రోరె మాడ్రిగల్ పాటల పుస్తకంతో. మన సమస్య అక్కడ పుట్టింది. పై స్టాఫ్‌నీ కింది స్టాఫ్‌నీ ఒకే క్షణంలో చూడాలంటే, వాటి మధ్య ఎడం ఎంత ఉండాలి?

దీనికి అసలైన జవాబు చెప్పినవాళ్ళు సీసపు అచ్చులు పేర్చేవాళ్ళు కాదు, రేకు చెక్కేవాళ్ళు. 1586లో రోమ్‌లో వెరోవియో రాగి రేకుల మీద సంగీతం చెక్కించి అచ్చు వేశాడు. 18వ శతాబ్దంలో రాగికి బదులు తగరమూ సీసమూ కలిసిన మెత్తటి రేకులు వచ్చాయి. అప్పట్నుంచి 20వ శతాబ్దం రెండో సగందాకా యూరప్‌లో మంచి సంగీతం పుస్తకమంటే ఈ రేకుల మీద చెక్కిందే. జర్మనీలో లైప్‌జిగ్ ఊరు ఈ పనికి పెట్టింది పేరు. 1846లో మొదలైన రోడర్ కంపెనీలాంటివి అక్కడ ఎంతో మంది ప్రచురణకర్తలకి చెక్కి ఇచ్చేవి.

పని ఎలా జరిగేదో చూడండి, మన కథకి కీలకం అక్కడే ఉంది. ముందు చెక్కేవాడు రాతప్రతిని చివరిదాకా చదువుతాడు. ఏ పేజీలో ఎన్ని వరసలు పడతాయి, ఏ వరసలో ఎన్ని తాళఖండాలు పడతాయి అని లెక్క కడతాడు. తర్వాత అయిదు పళ్ళున్న ఉలితో రేకు మీద స్టాఫ్ గీతలు లాగుతాడు. ఆ తర్వాతే స్వరాలు. చిన్న చిన్న ఉక్కు ముద్రల్ని సుత్తితో కొట్టి, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి దించుతాడు. తప్పు పడితే రేకు వెనక నుంచి కొట్టి, ఉబ్బిన చోట నునుపు చేసి మళ్ళీ చెక్కుకోవచ్చు. ఒకటీ అరా స్వరానికైతే సరే. కానీ లాగేసిన స్టాఫ్‌ని అర అంగుళం కిందికి జరపాలంటే? ఆ రేకు పక్కన పడేసి కొత్తది మొదలెట్టాల్సిందే.

అంటే స్టాఫుల మధ్య ఖాళీ అన్నది మొట్టమొదటి నిర్ణయం. ఒక్క స్వరం కూడా చెక్కకముందే, ముందుముందు రాబోయే స్వరాలన్నిటినీ మనసులో చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. ఈ ఊహ రావడానికి ఏళ్ళ తరబడి గురువు పక్కన కూర్చోవాలి.

ఖాళీని ముగ్గురు లాగుతారు

ఇంతకీ అతను ఊహించేది ఏమిటి? నాకు అర్థమైనంతలో ఆ ఖాళీని మూడు వైపులనుంచి ముగ్గురు లాగుతుంటారు.

మొదటిది చుట్టరికం. దగ్గరగా ఉన్నవి ఒకటిగా కనిపిస్తాయి, దూరంగా ఉన్నవి వేరుగా కనిపిస్తాయి. పియానో రెండు స్టాఫులూ ఒకదానికొకటి దగ్గరగా, కింది వరసకి మాత్రం దూరంగా ఉంటేనే 'ఇవి రెండూ ఒకేసారి, అది తర్వాత' అని కంటికి తెలుస్తుంది. పాటలో మాటల వరసకీ ఇదే సూత్రం. మాటలు తమ స్టాఫ్‌కి దగ్గరగా ఉండాలి, కిందున్న పియానో స్టాఫ్‌కి దూరంగా ఉండాలి. మా అమ్మాయి ఒకసారి ఎక్కడిదో ఒక ప్రింటవుట్ చూసి పాడుతూ మాటిమాటికీ తడబడింది. ఏమిటా అని చూస్తే, మాటల వరస రెండు స్టాఫులకీ సరిగ్గా నడిమధ్యన కూర్చుంది. అక్షరం ముక్క తప్పు లేదు, స్వరం తప్పు లేదు. ఖాళీ ఒక్కటే తప్పు.

రెండోది గొడవ. స్టాఫ్ అయిదు గీతలే అయినా స్వరాలు ఆ అయిదింటికే కట్టుబడి ఉండవు. వయొలిన్ తారస్థాయికి ఎగబాకితే గీతల పైన చిల్లర గీతలు వేసుకుంటూ పోవాలి. పై స్టాఫ్‌లో మంద్రస్థాయి స్వరాలు కిందికి వేలాడతాయి, కింది స్టాఫ్‌లో తారస్థాయి స్వరాలు పైకి పొడుచుకొస్తాయి. రెండూ ఒకే చోట పడితే ఢీకొంటాయి. వీటికి తోడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గీసే వంపు గీతలు, గట్టిగా మెల్లగా అని చెప్పే గుర్తులు, మాటలు.

మూడోది పేజీ. పేజీ పొడుగు మారదు. పై గీత నుంచి అడుగు గీతదాకా నిండుగా ఉండాలి, అడుగున సగం బోసిగా వదిలితే చూడ్డానికి బాగోదు. అన్నిటికన్నా ముఖ్యం, పేజీ తిప్పే చోటు. రెండు చేతులా వాయించేవాడికి మూడో చెయ్యి లేదు. పేజీ చివర కాస్త విరామం దొరకాలంటే, ఒక్కోసారి ఆరు వరసలు పట్టే చోట అయిదే పెట్టి ఖాళీ పెంచాలి, ఒక్కోసారి ఏడు కుక్కాలి. రేకుకింత అని డబ్బు పోసే ప్రచురణకర్త లెక్కలు సరేసరి.

చుట్టరికం ఒకలా లాగుతుంది, గొడవ ఒకలా తోస్తుంది, పేజీ ఇంకోలా సాగదీస్తుంది. చెక్కేవాడు ఈ ముగ్గురికీ రాజీ కుదురుస్తాడు. ఈ రాజీ సూత్రాల్లో ఎక్కువ భాగం పుస్తకాలకెక్కలేదు. 1970లో అమెరికాలో టెడ్ రాస్, 2011లో ఇంగ్లండులో ఎలేన్ గౌల్డ్ రాసిన పుస్తకాలు ప్రసిద్ధమైనవి. కానీ వందల ఏళ్ళ వృత్తిలో ఇలాంటి పుస్తకాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా చేతిలోంచి చేతిలోకి వచ్చిన విద్య.

కంప్యూటరు వచ్చింది, ఉలి మారింది

కంప్యూటరుతో సంగీతం అచ్చు వెయ్యాలన్న ప్రయత్నాలు 1960ల్లోనే మొదలయ్యాయి. వాటిలో నిలబడ్డది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం ప్రొఫెసరు లీలండ్ స్మిత్ రాసిన స్కోర్ అనే ప్రోగ్రాము. ఆయన స్వయంగా సంగీత రచయిత. ఫోర్ట్రాన్‌లో రాసుకున్నాడు. 1970ల నుంచి పెరుగుతూ వచ్చి, 1980ల్లో పీసీల మీదికి వచ్చింది. పేరున్న ప్రచురణకర్తలు చాలామంది దాన్నే వాడారు.

స్కోర్‌లో ప్రతి వస్తువూ ఒక అంకెల జాబితా. మొదటి అంకె అదేమిటో చెబుతుంది (స్వరమా, వంపు గీతా, స్టాఫా), తర్వాతి అంకెలు అదెక్కడ ఉందో, ఎంత ఎత్తులో ఉందో, ఎలా ఉండాలో చెబుతాయి. స్టాఫ్ కూడా ఒక వస్తువే. దాన్ని పైకి జరపాలంటే దాని ఎత్తు అంకె మార్చాలి. అంతే. లైప్‌జిగ్ చెక్కేవాడు చెయ్యలేని పని ఇక్కడ ఒక్క అంకెతో అయిపోయింది. స్వరాలన్నీ పెట్టేశాక స్టాఫుల్ని జరుపుకోవచ్చు.

కానీ ఆ అంకె ఎంతన్నది ప్రోగ్రాము చెప్పదు, వాడేవాడే చెప్పాలి. కన్ను మనిషిదే, ఉలి మాత్రం మారింది. అందుకే మంచి చేతిలో పడ్డ స్కోర్ పేజీలు రేకు మీద చెక్కినట్టే ఉండేవి.

1988లో ఫినాలే, 1993లో ఇంగ్లండులో ఫిన్ కవల సోదరులు రాసిన సిబేలియస్ వచ్చాయి. సంగీతం అచ్చు వెయ్యడం ఇంట్లో కూర్చుని చేసే పని అయింది. సంగీత రచయితలే టైపు చేసుకోవడం మొదలెట్టారు. వాళ్ళకి ఏళ్ళ తరబడి గురువు పక్కన కూర్చునే తీరిక లేదు. మరి స్టాఫుల మధ్య ఖాళీ? మొదట్లో ప్రాథమికంగా ఒక అంకె. ఇన్ని సందులు అని చెబితే పుస్తకమంతా అంతే. పేజీ దాదాపు నిండితే ఆ ఖాళీల్ని సాగదీసి అడుగుదాకా నింపే సౌకర్యం సిబేలియస్‌లో ఉండేది. ఏ రెండు స్టాఫులైనా ఢీకొంటే మౌసుతో పట్టుకుని లాగాలి. ఒకచోట లాగితే ఇంకోచోట ఇరుకవుతుంది, మళ్ళీ అక్కడ లాగాలి. ఇల్లు సర్దినట్టే అన్నమాట. 2009లో సిబేలియస్ 6లో గుర్తులూ మాటలూ ఒకదాన్నొకటి తప్పుకునే ఏర్పాటు వచ్చాక ఈ చాకిరీ కొంత తగ్గింది.

జిగురు కాదు, స్ప్రింగు

అసలు మలుపు సంగీతం నుంచి రాలేదు, గణితం పుస్తకాల నుంచి వచ్చింది. తన పుస్తకం కొత్త ముద్రణ అచ్చు చూసి విసుగెత్తిన డోనాల్డ్ నూత్ 1977లో టెక్ అనే ప్రోగ్రాము రాయడానికి కూర్చున్నాడు. అందులో ప్రతి అక్షరమూ ఒక పెట్టె, పెట్టెల మధ్య ఖాళీ ఒక 'జిగురు'. ఆ జిగురుకి మూడు గుణాలు. మామూలుగా ఎంతుండాలి, ఎంత సాగగలదు, ఎంత ముడుచుకోగలదు. నిజానికి దాన్ని స్ప్రింగు అనాల్సింది, కానీ జిగురు అన్న పేరు అతుక్కుపోయింది అన్న అర్థంలో నూత్ తన మాన్యువల్లో చమత్కరించాడు.

ఈ ఊహ ఎంత పెద్దదో కాస్త ఆలోచించండి. ఖాళీ అంటే ఒక అంకె కాదు, ఒక స్వభావం. మామూలప్పుడు ఇలా ఉంటాను, అవసరమైతే ఇంతదాకా సర్దుకుంటాను అని చెప్పే స్వభావం.

టెక్ మీద సంగీతం అచ్చు వేసే ప్రయత్నాలు 1980ల చివర మొదలయ్యాయి. డానియల్ తోపాఁ రాసిన మ్యూజిక్‌టెక్, దాని తర్వాత వచ్చిన మ్యూజిక్స్‌టెక్ చాలామందికి అందుబాటులోకి వచ్చాయి. వాటి నీడలోనే 1996లో నెదర్లాండ్స్‌లో హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్ అనే ఇద్దరు మిత్రులు లిలీపాండ్ అనే ఉచిత ప్రోగ్రాము మొదలుపెట్టారు. ఇందులో మౌసు లేదు. సంగీతాన్ని అక్షరాల్లో రాసిస్తే ప్రోగ్రామే పేజీ తయారుచేస్తుంది. మౌసుతో లాగి సర్దే మనిషి లేడు కాబట్టి, సర్దడం ఎలాగో ప్రోగ్రాముకే తెలియాలి. తెలియాలంటే ఎవరైనా చెప్పాలి. చెప్పాల్సినవాళ్ళు, అంటే రేకు చెక్కేవాళ్ళు, అప్పటికి దాదాపు కనుమరుగైపోయారు. అందుకని వీళ్ళు పాత అచ్చు పుస్తకాల్నే గురువులుగా పెట్టుకున్నారు. 1950లో చేత్తో చెక్కి అచ్చేసిన బాఖ్ చెల్లో రచనల పుస్తకాన్నీ, అవే రచనల కొత్త కంప్యూటరు ముద్రణనీ పక్కపక్కన పెట్టి, పాతది ఎందుకు హాయిగా ఉంది, కొత్తది ఎందుకు యంత్రంలా ఉంది అని శోధించారు.

అడ్డంగా స్వరాల మధ్య దూరం లెక్క ముందు కుదిరింది. దాని మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలూ ఎక్కువే జరిగాయి. నిలువు దూరం తేలికనుకున్నారో ఏమో, అది ఆలస్యమైంది. 2011లో వచ్చిన లిలీపాండ్ 2.14తో నిలువు ఖాళీలన్నీ స్ప్రింగులయ్యాయి.

నాలుగు అంకెలు

ఇప్పుడు ప్రతి ఖాళీకీ నాలుగు అంకెలు. మామూలు దూరం ఎంత, కనీస దూరం ఎంత, ఢీకొనబోతే మధ్యలో వదలాల్సిన ఎడం ఎంత, సాగే గుణం ఎంత. దూరాన్ని ఒక స్టాఫ్ నడిమి గీత నుంచి ఇంకో స్టాఫ్ నడిమి గీతదాకా కొలుస్తారు.

పియానో రెండు స్టాఫుల మధ్య లిలీపాండ్ తనంతట తాను పెట్టే అంకెలు: 9, 7, 1, 5. స్టాఫ్ ఎత్తు నాలుగు సందులు కాబట్టి, నడిమి గీతల మధ్య 9 అంటే కంటికి కనిపించే తెలుపు 5 సందులు. వరసకీ వరసకీ మధ్య అంకెలు: 12, 8, 1, 60. కనిపించే తెలుపు 8 సందులు. చివరి అంకెలు చూశారా? ఒకటి 5, ఇంకోటి 60.

చిన్న లెక్క వేద్దాం. ఒక పేజీలో అయిదు పియానో వరసలు ఉన్నాయి. అన్నీ మామూలు దూరంలో పెట్టాక 53 సందుల కాయితం మిగిలిందనుకోండి. దాన్ని ఎలా పంచాలి? వరసల మధ్య ఖాళీలు నాలుగు, ఒక్కోటి 60 చొప్పున 240. వరసల లోపలి ఖాళీలు అయిదు, ఒక్కోటి 5 చొప్పున 25. మొత్తం 265. మిగిలిన 53లో వరసల మధ్య ఖాళీ ఒక్కోదానికి 12 వస్తుంది, లోపలి ఖాళీ ఒక్కోదానికి 1 వస్తుంది. (పేజీ పైనా అడుగునా ఉండే స్ప్రింగుల్ని పక్కన పెట్టాను.) అంటే వరసలు ఒకదానికొకటి 12 నుంచి 24కి దూరం జరిగాయి, కుడిచేయి ఎడమచేయి మాత్రం 9 నుంచి 10కే జరిగాయి. మిగులు సమానంగా పంచి ఉంటే ప్రతిదానికీ దాదాపు 6 సందులు వచ్చేవి, కుడిచేయీ ఎడమచేయీ విడాకులు తీసుకున్నట్టుండేవి.

చుట్టరికం అని ఇందాక అన్నానే, అదే ఇది. సాగే గుణం అంటే తిరగేసి చూస్తే అనుబంధం. లైప్‌జిగ్ చెక్కేవాడు నోటితో చెప్పలేకపోయిన మాట, ఒక 5, ఒక 60 అయి కూర్చుంది.

మాటల వరసకి ఇంకో గుణం ఉంది. తన చుట్టం పై స్టాఫా, కింది స్టాఫా అని అది ప్రకటించుకోవాలి. ఎవరు చుట్టమైతే వాళ్ళ దగ్గర ఉంటుంది. మా అమ్మాయి చదివిన ప్రింటవుట్‌లో లోపించింది సరిగ్గా ఇదే.

ఇక గొడవ సంగతి. రెండు స్టాఫులు ఢీకొంటున్నాయా అన్నది తెలియాలంటే వాటి ఆకారం తెలియాలి. ప్రతి స్టాఫ్ చుట్టూ ఒక చతురస్రపు పెట్టె గీసుకుంటే లెక్క తేలికే. కానీ పై స్టాఫ్‌లో ఎడమ చివర ఒక్క స్వరం కిందికి వేలాడుతోందని, కింది స్టాఫ్‌లో కుడి చివర ఒక్క స్వరం పైకి పొడుచుకొచ్చిందని రెండింటినీ దూరం నెట్టెయ్యడం అన్యాయం. అవి ఎదురుపడటం లేదు కదా. అందుకని పెట్టెకి బదులు ఊరి మేడల రేఖలాంటి ఆకారం గీస్తారు. దూరం నుంచి ఊరిని చూస్తే ఇళ్ళూ గుడిగోపురమూ వాటర్ ట్యాంకూ కలిసి ఆకాశం మీద ఒక మెట్ల గీత కనిపిస్తుందే, అలాంటిది. పై స్టాఫ్ అడుగు రేఖనీ, కింది స్టాఫ్ పై రేఖనీ రెండు దువ్వెనల్లా దగ్గరికి తెస్తారు. ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లో ఇమిడితే ఇమడనిస్తారు. ఎక్కడ తగలబోతాయో అక్కడ ఒక్క సందు ఎడం వదిలి ఆపుతారు.

చెప్పినంత తేలిక కాదులెండి. పేజీకి ఎన్ని వరసలో తెలియాలంటే వరసల ఎత్తు తెలియాలి. ఎత్తు తెలియాలంటే వరస ఎక్కడ తెగుతుందో తెలియాలి. ఎక్కడ తెంచాలో తెలియాలంటే పేజీకి ఎన్ని వరసలో తెలియాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు! దీనికి లిలీపాండ్‌వాళ్ళు వేసిన మందు, రేకు చెక్కేవాడు చేసిన పనే. ముందు ఒక అంచనా ఎత్తు లెక్క కట్టుకుని, దాంతో పేజీలు పంచేసి, తర్వాత అసలు ఎత్తులతో సర్దుకోవడం.

మన పుస్తకంలో ఇదే గొడవ

ఇదంతా పియానోవాళ్ళ గోల, మనకేమిటి అనుకుంటున్నారా? 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెరవండి. సుబ్బరామ దీక్షితులు తెలుగులో సంకలనం చేసిన పుస్తకం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడూ, మన కచేరీలోకి వయొలిన్‌ని తెచ్చినవాడిగా చెప్పుకునే బాలుస్వామి దీక్షితులకి ఈయన మనవడు, దత్తపుత్రుడు కూడా. ఆయన చేత ఈ పని చేయించడానికి పట్టుబట్టినవాళ్ళలో ముఖ్యుడు మద్రాసుకి చెందిన చిన్నస్వామి ముదలియారు. ఆయన అంతకుముందే, 1890ల్లో, మన కీర్తనల్ని పాశ్చాత్యుల అయిదు గీతల మీద అచ్చు వేసిన మనిషి. అంటే ఈ రెండు లోకాల మధ్య దారి అప్పుడే పడిందన్నమాట.

సుబ్బరామ దీక్షితులు గీతల్ని తీసుకోలేదు, మన స రి గ మలనే ఉంచుకున్నారు. కానీ వాటి మీద గమకాలకి ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. కంపితం, స్ఫురితం, జారు, ఇలా. ఇప్పుడు నిలువుగా చూడండి. మధ్యలో స్వరం. తారస్థాయి అయితే దాని నెత్తిన చుక్క, మంద్రస్థాయి అయితే అడుగున చుక్క. దాని పైన గమకం గుర్తు. కింద సాహిత్యం. 'రి'కి పైన గుడి ఉంటుంది, దాని పైన చుక్క, ఆ పైన గమకం. సాహిత్యంలో 'శ్రీ' వస్తే గుడిదీర్ఘం పైకి లేస్తుంది, క్రావడి కిందికి వాలుతుంది. 'త్స్య' వస్తే వత్తు కింద వత్తు. పైనున్న స్వరం మంద్రస్థాయి చుక్క ఈ గుడికి తగలకూడదు, కింది వరుసలోని గమకం గుర్తు ఈ వత్తుకి తగలకూడదు. పైగా ఈ సాహిత్యం పై స్వరాలదే గానీ కింది స్వరాలది కాదని చదివేవాడి కంటికి తెలియాలి.

చుట్టరికం, గొడవ, పేజీ. ముగ్గురూ ఇక్కడా ఉన్నారు. నిజానికి స్వరాలు లేని మామూలు తెలుగు అచ్చులోనే ఇది ఉంది. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి చాలదు. తెలుగు వెబ్ పేజీల్లో వత్తులు సగం తెగిపోవడం మనలో చూడనివాళ్ళు ఎవరు?

మరి ఈ రోజు మన ఊళ్ళోనో ఇక్కడ పరాయి దేశంలోనో ఒక సంగీతం టీచరు పిల్లలకి తెలుగులో ఒక వర్ణం రాసివ్వాలంటే ఏం చేస్తున్నారు? చాలామంది వర్డ్‌లో టేబుల్ గీసి గళ్ళలో స్వరాలూ సాహిత్యమూ నింపుతున్నారు. గమకాల గుర్తులు ప్రింటు తీశాక పెన్నుతో పెడుతున్నారు. టేబుల్ గడికి చుట్టరికం తెలియదు, ఎత్తు ఒక్కటే తెలుసు. ఏ వత్తు తెగినా ఎంటర్ కొట్టడమే గతి.

విద్య ఎవరి దగ్గర ఉండాలి

చివరిగా నాలుగు తేదీలు చెబుతాను.

1943 డిసెంబరు 4న లైప్‌జిగ్ మీద బాంబులు పడ్డాయి. అచ్చు కార్ఖానాలన్నీ ఉన్న పేట చాలావరకు కాలిపోయింది. ఎన్నో తరాల రేకులూ పనిముట్లూ పోయాయి.

2013లో లీలండ్ స్మిత్ చనిపోయాడు. స్కోర్ ఆయన ఒక్కడి మెదడులోంచి వచ్చిన ప్రోగ్రాము. ఆయనతోపాటే దాని ఎదుగుదలా ఆగిపోయింది.

2024 ఆగస్టు 26న ఫినాలే తయారుచేసే కంపెనీ, 35 ఏళ్ళు నడిచిన ఆ ప్రోగ్రాముని ఇక ఆపేస్తున్నామని ప్రకటించింది. దాంట్లో జీవితకాలం పనిచేసినవాళ్ళు తమ ఫైళ్ళని వేరే రూపంలోకి మార్చుకునే పనిలో పడ్డారు. స్వరాలు వస్తాయి. ఒక్కో పేజీ మీద కూర్చుని సర్దిన సర్దుబాట్లు చాలావరకు మళ్ళీ చేసుకోవాలి.

నాలుగోది మాత్రం మంచి కబురు, వరుస తప్పించి చివర చెబుతున్నాను. 2021 జనవరిలో మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత ప్రోగ్రాము 3.6 వచ్చింది. స్టాఫుల్ని పేజీ అడుగుదాకా తనంతట తానే సర్దే పద్ధతి అందులో చేరింది. అదే విడుదలలో కొత్త సంగీత లిపి ఫాంటు కూడా ఇచ్చారు. దాని పేరు లీలండ్. ఆ ప్రొఫెసరు గౌరవార్థమే.

లైప్‌జిగ్ కన్ను పోయినా దాని తీర్పు పాత పుస్తకాల్లో మిగిలింది కాబట్టి ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని తవ్వి తీయగలిగారు. తీసి, అందరూ చదవగలిగే చోట, మార్చుకోగలిగే రూపంలో పెట్టారు కాబట్టి 9, 7, 1, 5 అని నేను ఇక్కడ మీకు చెప్పగలిగాను. ఒక విద్య చేతిలోనే ఉండిపోతే చేత్తోపాటే పోతుంది. మూసిన ప్రోగ్రాములో ఉండిపోతే కంపెనీతోపాటు పోతుంది. పైకి చెప్పి, అంకెల్లో రాసి, నలుగురి ముందు పెడితేనే మిగులుతుంది.

మన స్వరలిపికి ఆ నాలుగు అంకెలు నేనైతే ఎక్కడా చూడలేదు. స్వరం నుంచి సాహిత్యానికి మామూలు దూరం ఎంత, కనీసం ఎంత, వత్తు తగలకుండా ఎడం ఎంత, పేజీ నింపాలంటే ఎవరు ఎంత సాగాలి. లెక్క కట్టే యంత్రం సిద్ధంగా ఉంది, ఉచితంగా ఉంది. పాత పుస్తకాలూ ఉన్నాయి. కావలసినది ఒక స్కేలు, ఒక ప్రదర్శిని ప్రతి, కాస్త తీరిక ఉన్న మనిషి. స్వరం ఎత్తుని కొలబద్దగా పెట్టుకుని ఓ పది పేజీలు కొలవండి. గుడి ఉన్న చోట ఎంత వదిలారు, వత్తు ఉన్న చోట ఎంత వదిలారు, రెండూ లేని చోట ఎంత వదిలారు అని ఒక కాయితం మీద రాయండి. ఆ అచ్చు పేర్చిన కార్మికుడి పేరు మనకి తెలియకపోయినా ఫర్వాలేదు. అతని తీర్పు అందులో ఉంది.